మూడో లొట్టి

వైజాగ్ కాలనీ అంటరు గాని సముద్రం లేదు.
దేవరకొండ బస్సు దిగి ఇంకింత నడిస్తే
సాగర్ వెనకనీళ్లు.
డ్యాం కట్టిన కాలంల వలలు మోసుకొచ్చినోళ్లు
ఊరి పేరు గూడ మోసుకొచ్చిండ్రు.
వాళ్లల్ల ఒకాయన మనుమడే మైలపల్లి ఎర్రన్న.
"పొద్దు తిరిగితే గాలి లేస్తాది, రా బావూ" అన్నడు.

మూడు చిన్న లొట్లు తెచ్చిన.
తడి గోనెసంచి చుట్టి, మూతులకు ఆకు కుక్కి
మోకాళ్ల నడుమ ఇరికించుకొని కూసున్న,
పసిపిల్లలను అంగడికి తోలుకపోతున్నట్టు.

తెరచాపంటే గొప్పదేం గాదు.
వెదురుబొంగుకు రెండు ఫ్లెక్సీలు కుట్టి కట్టిండు.
ఓడిపోయిన సర్పంచి అభ్యర్థి
చేతులు జోడించి పక్కకు ఒరిగి ఉన్నోడు
గాలి తగలంగనే చెంపలుబ్బి
గెలిచినోని లెక్క నవ్విండు.
"ఓట్లు పడనేదు గానీ
గాలి బాగా పడతాది ఈడికి" అన్నడు ఎర్రన్న.

మొదటిది ఈతకల్లు.
తాటాకు రేక మడిచి పట్టి
నురుగును ఊది పక్కకు జరిపితే
చలి ఇంకా పోలేదని చెప్పే తీపి,
చివర్ల నాలిక అంచు మీద చిన్న గిచ్చుడు.
ఎర్రన్న కండ్లు మూసుకొని
"కట్ట దిగువ చెట్టు. కాళ్లు తడిసిన చెట్టు."
నిజమే.
ఆయనకు చెట్టెక్క రాదు.
ఇరవై ఏండ్లు ఈత గీసిన నాకు ఈత రాదు.
ఒకే పడవల ఇద్దరం.

పట్నంల సీసాలకు ఏండ్లు లెక్క పెడ్తరట.
దీని వయసు పూటలల్ల.
పొద్దుగాల పసిది,
పగటీలికి పడుచుది,
పొద్దుమూకితే ముసలిదై అందర్ని తిడ్తది.

రెండోది పోతుతాడు. గుట్ట మీదిది.
రాయి వాసన, ఎండ వాసన,
గొంతు దిగినంక ఎప్పుడో వచ్చే చేదు.
కాల్చిన జెల్ల ముల్లు తీసి
నా చేతిల పెట్టిండు ఎర్రన్న, మాట్లాడకుండ.

నడినీళ్లల్ల గాలి ఆగింది.
అభ్యర్థి ముఖం ముడతలు పడ్డది.
అటు నల్లమల, ఇటు మా గుట్టలు,
ఏదీ దగ్గరికి రాదు.
తెడ్డు ముట్టలేదు ఎర్రన్న.
"అడిగితే గాలొస్తాదేటి."
లొట్టిల సద్దు మాత్రం ఆగలే.
చెవి ఆనిస్తే చిటపట,
మూత కింద అన్నం ఉడుకుతున్నట్టు.

మూడోది వంచిన.
అదే గుట్ట, అదే వరుస. ఏ చెట్టో చెప్పు అన్న.
తాగిండు. మళ్ల తాగిండు.
మీసానికి నురుగు అట్లనే ఉన్నది.
"చెట్టు ఆ వరసలోదే. గీతే మీది కాదు.
మీ కత్తి లోతుగా పోద్ది, కర్ర వాసనొస్తాది.
ఇది ఉల్లిపొర తీసినట్టుంది.
ఎవుల్దీ సెయ్యి?"

నిరుడు మోకు జారి పడ్డ.
నల్లగొండ దవాఖానల తుంటికి రాడ్డేసిండ్రు.
ఆరు నెలలు మోకు గోడకు వేలాడింది,
దాని దిక్కు చూడకుండ అన్నం తిన్న.
దసరా ముందటి రోజు అండాలు దాన్ని దించింది.
కొంగు బిగించింది, నా ముస్తాదే కట్టుకున్నది.
ఆడది తాడెక్కిందని ఊరంత నెల దినాలు నవ్వింది,
నవ్వి నవ్వి దూపై
చెంబు పట్టుకొని మా వాకిట్ల నిలబడ్డది.

మొదటి రెండు లొట్లు తమ్మునియి.
వాడు నా తీరుగనే గీస్తడు, నేనే నేర్పిన.
అండాలుకు ఎవరూ నేర్పలే.
ఇన్నేండ్లు చెట్టు కింద నిలబడి
పైకి చూసింది, అంతే.

ఇదంత చెప్పిన్నో లేదో, కల్లు చెప్పిందో.
మెడ ఎనక సల్లగ తగిలింది.
అభ్యర్థి మళ్ల చెంపలు నింపుకున్నడు.
పడవ ఒక పక్కకు ఒరిగింది,
లొట్టి అడుగున ఇంకింత ఉంటే రేకల పోయబోయిన.
ఎర్రన్న చెయ్యి అడ్డం పెట్టిండు.
"అదుండనీ. గీసిన మనిసికి పట్టుకుపో."

ఒడ్డు చేరేదాంక పులుస్తది అన్న.

"పులవనీ.
ఆమె సెయ్యి రుచి
ఆమెకి తెలవాల గదేటి."